ఆపరేషన్ థియేటర్లో చలి

శ్రోతలకు నమస్కారం. రోహిణి కార్తెలో మన అమలాపురం, భీమవరం వైపు ఉక్క ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. అలాంటి రోజుల్లో కూడా, థియేటర్ నుంచి బయటికి తెచ్చిన మనిషి పళ్ళు టకటకలాడేలా వణికిపోతుంటారు. బయట కాచుకున్న వాళ్ళకి టెన్షన్. "చలిజ్వరం వచ్చిందేంటండీ?" అని అడుగుతారు. చాలాసార్లు అది జ్వరం కాదండీ. ఒళ్ళు చల్లబడిపోయింది, అంతే.

మన ఒంటి లోపలి వేడి 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. చలేస్తే చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుని ఆ వేడిని లోపలే ఆపుతాయి. చాలకపోతే వణుకు పుడుతుంది. పూర్తి మత్తు ఇచ్చాక ఈ కాపలా సడలిపోతుంది. రక్తనాళాలు వదులవుతాయి. ధవళేశ్వరంలో గేట్లు ఎత్తగానే నీళ్ళు కాలువల్లోకి పారినట్టు, గుండె, కాలేయం దగ్గరున్న వేడి కాళ్ళకీ చేతులకీ పారిపోతుంది. మొదటి గంటలోనే లోపలి వేడి ఒకటి, ఒకటిన్నర డిగ్రీలు తగ్గవచ్చు. థియేటర్ ఏసీ, చల్లటి సెలైన్, తెరిచిన పొట్ట ఆ తర్వాత తోడవుతాయి. నడుములో ఇచ్చే మత్తుతోనూ చల్లబడతారు.

ఒకటిన్నర డిగ్రీలే కదా అనుకోకండి. 36 కంటే తగ్గితే రక్తం సరిగ్గా గడ్డకట్టదు, మందుల ప్రభావం త్వరగా దిగదు, గుండె జబ్బున్నవారికి ముప్పు పెరుగుతుంది. కుట్లు చీము పట్టడం ఇంకో బాధ. 1996లో వెలువడిన ఒక అధ్యయనంలో, పేగు ఆపరేషన్ జరిగిన 200 మందిని రెండు జట్లుగా చూశారు. చల్లబడిన జట్టులో నూటికి 19 మందికి గాయం చీము పడితే, వెచ్చగా ఉంచిన జట్టులో ఆరుగురికే పట్టింది. వెచ్చగా ఉన్నవాళ్ళు ఇంటికి కూడా త్వరగా వెళ్ళారు. ఇంత మేలు చేసే పని, ఖరీదైన మందు కూడా కాదు, ఎక్కడా మానకూడదని నా పట్టుదల.

దీనికి వెచ్చటి గాలి దుప్పటి ఉంది. పల్చటి కాగితంలాంటి దుప్పటికి ఒక గొట్టం తగిలిస్తారు. మిషన్ ఊదే గాలికి అది ఉబ్బి, సన్నటి రంధ్రాల్లోంచి ఒంటి మీదకి వెచ్చదనం వదులుతుంది. పొట్ట ఆపరేషన్ అయితే ఛాతీ, చేతుల మీద కప్పుతారు. సెలైన్‌నీ రక్తాన్నీ వేడి చేసి ఎక్కించే పరికరాలు వేరే ఉన్నాయి. అయితే నేను గట్టిగా చెప్పేది, మత్తు ఇవ్వకముందే మొదలుపెట్టాలని. అరగంట ముందునుంచి కాళ్ళూ చేతులూ వెచ్చగా ఉంటే, లోపలి వేడి అటు పారే అవసరం తగ్గుతుంది. జారిపోయిన వేడిని టేబుల్ మీద తిరిగి తేవడం చాలా కష్టం.

తుంటి ఎముక విరిగిన మామ్మగార్ని తలచుకోండి. పల్చటి గౌనులో, ఏసీ గదిలో, స్ట్రెచర్ మీద వంతు కోసం ఎదురుచూస్తుంటారు. పాదాలు పట్టుకుంటే మంచులా ఉంటాయి. అడిగితే "పర్వాలేదులే నాయనా" అంటారు, ఎవరికీ ఇబ్బంది కలిగించకూడదని. పక్కనున్న మీరే నోరు విప్పండి. నర్సమ్మగారిని ఇంకో దుప్పటి అడగండి. ఇంటినుంచి రగ్గు తెచ్చుకోవచ్చా అని ముందురోజే కనుక్కోండి. పసిపిల్లలైతే ఇంకా త్వరగా చల్లబడతారు, తలకి టోపీ మరవకండి.

ఒక్క పని మాత్రం చేయకండి. మత్తు దిగని మనిషి కాళ్ళ దగ్గర వేడినీళ్ళ సీసాలు, రబ్బరు సంచులు పెట్టకండి. కాలుతున్నా వాళ్ళకి తెలియదు, బొబ్బలెక్కుతాయి. షుగర్ ఉన్న పాదాలైతే ఆ పుండు నెలల తరబడి మానదు. వణుకుతుంటే సిస్టర్‌ని పిలిచి టెంపరేచర్ చూడమనండి. 36కి తక్కువుంటే, వార్డుకి మార్చేముందు మళ్ళీ వెచ్చబెట్టమని అడగడానికి మొహమాటపడకండి. నమస్కారం.