తలకు దెబ్బ తగిలితే స్టెరాయిడ్ ఎందుకు ఇవ్వం?

అందరికీ నమస్కారం.

మా వార్డులో తరచూ ఎదురయ్యే ప్రశ్నతో మొదలుపెడతాను. బండి మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలిన కుర్రాడు ఒక మంచం మీద, మెదడులో గడ్డ (ట్యూమర్) ఉన్న పెద్దాయన పక్క మంచం మీద ఉంటారు. పెద్దాయనకి డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ సూది వేస్తాం. రెండు మూడు రోజుల్లో తలనొప్పి తగ్గి లేచి కూర్చుంటాడు. అది చూసి కుర్రాడి తల్లి, "మావాడికీ మెదడు వాపే అన్నారుగా సార్, ఆ సూదే వేయండి" అని బతిమాలుతుంది.

ఆమె అడిగినదాంట్లో తప్పులేదు. డాక్టర్లు కూడా ఏళ్ల తరబడి అలాగే అనుకున్నారు. చివరికి క్రాష్ అనే పెద్ద పరిశోధనలో తలకు దెబ్బ తగిలిన 10,008 మందిని చేర్చుకుని, సగం మందికి మిథైల్‌ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్, మిగతావాళ్లకి మందులేని సెలైన్ లాంటిది ఎక్కించారు. రెండు వారాల్లో మందులేని వైపు 893 మంది చనిపోయారు. స్టెరాయిడ్ ఇచ్చిన వైపు 1052 మంది. 2004లో ఆ పరిశోధనని మధ్యలోనే ఆపేశారు. ఆ అంకెలు చూసినప్పుడల్లా నాకు ఒకటే బాధ: అంతకుముందు ఇలా ఎందరు పోయారో లెక్కపెట్టినవాళ్లు లేరు.

గడ్డ చుట్టూ వాపు రక్తనాళాలు కారడం వల్ల వస్తుంది, స్టెరాయిడ్ దాన్ని అదుపు చేస్తుంది. దెబ్బ తగిలిన మెదడులో చాలావరకు కణాలే నీరు పట్టి ఉబ్బుతాయి. దాని మీద ఆ మందు పనిచేయదు.

మరి స్టెరాయిడ్ బదులు సెక్స్ హార్మోన్లు ఇస్తే? అమెరికాలో డొనాల్డ్ స్టీన్ అనే శాస్త్రవేత్త ప్రయోగశాలలో, మెదడు దెబ్బతిన్న ఆడ ఎలుకలు మగవాటికంటే బాగా కోలుకున్నాయి. కారణం ప్రొజెస్టెరాన్ అనే ఆడ హార్మోన్ అని తేలింది. గర్భం నిలవడానికి మన గైనకాలజిస్టులు రాసే మందే అది. ఎంత ఆశ పుట్టిందో! కానీ 2014లో 882 మందితో ఒకటి, 1195 మందితో ఇంకొకటి, రెండు పెద్ద పరిశోధనల ఫలితాలు వచ్చాయి. రెండింట్లోనూ లాభం కనిపించలేదు. ప్రయోగశాలలో ఎలుకలన్నింటికీ ఒకే చోట, ఒకే రకం దెబ్బ. రోడ్డు మీద పడినవాళ్లలో ఏ ఇద్దరి దెబ్బా ఒకలా ఉండదు. నా మటుకు నాకు అసలు చిక్కు అక్కడే అనిపిస్తుంది.

హార్మోన్ నిజంగా అవసరమయ్యే సందర్భం వేరే ఉంది. గట్టి దెబ్బకి, మెదడు అడుగున ఉండి హార్మోన్లను నడిపే పిట్యూటరీ గ్రంథి దెబ్బతింటే కార్టిసాల్ (శరీరం తనంతట తాను తయారుచేసుకునే స్టెరాయిడ్), సెక్స్ హార్మోన్లు పడిపోవచ్చు. ఇంటికెళ్లిన నెలల తర్వాత కూడా నీరసం వదలకపోయినా, ఆడవాళ్లకి నెలసరి ఆగిపోయినా, మగవాళ్లకి కోరిక తగ్గినా, "దెబ్బ తిన్న మనిషి కదా" అని సరిపెట్టుకోకండి. డాక్టర్‌కి చెప్పి రక్తపరీక్ష చేయించండి. లోటు తేలితే, ఆ లోటు మేరకు మందు ఇస్తారు.