జెట్ ఇంజన్ మోతను నేల మీద ఎలా తగ్గిస్తారు?

(నల్లగొండలో సైన్స్ దినోత్సవం నాడు డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

ప్రిన్సిపాల్ గారికి, లెక్చరర్లకు, పిల్లలందరికీ నమస్కారం.

నల్లగొండ జిల్లాలో పుట్టి బోరు బండిని చూడనివాళ్లు ఉండరు. బోరు వేస్తున్నప్పుడు మధ్యమధ్యలో కంప్రెసర్ గాలిని ఒక్కసారి బయటికి వదులుతారు. చెవులు గింగురుమంటాయి. ఆ క్షణాన అక్కడ ఇనుము ఇనుమును కొట్టడం లేదు, వట్టి గాలే. వేగంగా దూసుకొచ్చిన గాలి, కదలకుండా ఉన్న గాలిని ఒరుసుకుని సుళ్లు తిరుగుతుంది. ఆ సుళ్లే మోత. జెట్ ఇంజన్ వెనక వినిపించేది కూడా ప్రధానంగా ఇదే.

1952లో జేమ్స్ లైట్‌హిల్ అనే బ్రిటిష్ గణిత శాస్త్రవేత్త దీనికి లెక్క కట్టాడు. ధ్వని కంటే తక్కువ వేగంతో పోయే జెట్‌లో, అంటే దూసుకుపోయే గ్యాస్ ధారలో, శబ్దశక్తి వేగానికి ఎనిమిదో ఘాతంగా పెరుగుతుంది. వేగం రెట్టింపైతే శబ్దం 256 రెట్లు. తిప్పి చూడండి: వేగాన్ని సగం చేస్తే శబ్దం 256వ వంతుకు పడిపోతుంది, అంటే శబ్దాన్ని కొలిచే డెసిబెల్ లెక్కలో 24 డెసిబెల్స్ తగ్గుతుంది. నేను ఇంజన్ టెస్టింగ్‌లో ఇరవై రెండేళ్లు పనిచేశాను. ఆ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన లెక్క ఇది. మోతను మూతపెట్టి ఆపలేం, గ్యాస్ పరుగును తగ్గించాలి అని ఇది చెబుతుంది.

ఇంజన్‌ను విప్పి బాగుచేశాక విమానానికి బిగించే ముందు టెస్ట్ బెడ్ (ఇంజన్‌ను బిగించి పరీక్షించే దిమ్మె) మీద పూర్తి థ్రాటిల్ దాకా నడుపుతారు. థ్రస్ట్ (ముందుకు తోసే బలం) ఎంత, వేడి ఎంత, వైబ్రేషన్ ఎంత అని చూస్తారు. విమానం మన తల మీదుగా ఒక నిమిషంలో వెళ్లిపోతుంది. టెస్ట్ అట్లా కాదు, ఒకే చోట గంటల తరబడి సాగుతుంది.

"ట్రాక్టర్‌కు పెట్టినట్టు ఒక సైలెన్సర్ పెడితే అయిపోదా?" అని మా ఊళ్లో పెద్దవాళ్లు అడిగేవారు. మంచి ప్రశ్న. కానీ గ్యాస్‌కు దారి ఇరుకు చేస్తే ఒత్తిడి వెనక్కి తన్ని ఇంజన్ నడక మారిపోతుంది, థ్రస్ట్ రీడింగ్ తప్పు వస్తుంది. కొలవడానికి పెట్టిన టెస్టే చెడిపోతుంది.

అందుకే ఇంజన్‌కు అంటకుండా, కాస్త ఎడంగా, వెనక ఒక పెద్ద గొట్టం పెడతారు. దాన్ని డిట్యూనర్ అంటాం. మీ ఇళ్లల్లో పాత జెట్ మోటార్లు గుర్తున్నాయా? సన్నటి నీటిధార వేగంగా పోతూ చుట్టూ ఉన్న నీటిని తనతో లాక్కెళ్తుంది. ఇదీ అంతే. గ్యాస్ ఆ గొట్టంలోకి దూసుకుపోతూ చుట్టూ ఉన్న చల్లగాలిని పెద్ద మొత్తంలో లోపలికి గుంజుతుంది. కిలో గ్యాస్‌కు కిలో గాలి బాగా కలిస్తే వేగం సుమారు సగానికి దిగుతుంది. వేడి కూడా తగ్గుతుంది. ఆఫ్టర్ బర్నర్ (అదనపు బలం కోసం ఇంజన్ వెనక గ్యాస్‌లో మళ్లీ ఇంధనం మండించే ఏర్పాటు) వేస్తే గ్యాస్ 1,400 డిగ్రీలు దాటుతుంది కాబట్టి ఆ చల్లదనం లేకపోతే గొట్టమే నిలవదు. పాత రోజుల్లో దీనికోసం నీళ్లు చిమ్మేవారు. ఆవిరి, తుప్పు, పైగా నీళ్ల ఖర్చు. గాలితోనే చల్లబరిచే పద్ధతి వచ్చాక ఆ బాధ తప్పింది. నీటి విలువ తెలిసిన జిల్లావాళ్లం, ఆ మార్పు ఎంత మంచిదో మనకు వేరే చెప్పాలా.

అయితే గాలి కలిసేటప్పుడు గొట్టం లోపలే మోత పుడుతుంది. దాన్ని అక్కడే పట్టుకోవాలి. గొట్టం గోడకు నిండా రంధ్రాలుంటాయి, వాటి వెనక రాక్‌వూల్, అంటే రాతిని కరిగించి తీసిన పీచు, కూరుతారు. శబ్దతరంగం ఆ పీచులోకి దూరి, రాపిడికి వేడిగా మారి చచ్చిపోతుంది. చివర్లో గ్యాస్‌ను చిన్నచిన్న రంధ్రాల గుండా వదులుతారు. పెద్ద బూర మొద్దుగా మోగుతుంది, పిల్లనగ్రోవి సన్నగా పలుకుతుంది కదా. చిన్న రంధ్రం నుంచి వచ్చేది సన్నటి శబ్దం, దాన్ని పీలుస్తూ పోవడం తేలిక. మిగిలింది పైకి తిప్పిన చిమ్నీలోంచి ఆకాశంలోకి పోతుంది. విమానం మొత్తాన్ని లోపల పెట్టి ఇట్లా నడిపే షెడ్డును హష్ హౌస్ అంటారు.

మొండిగా మిగిలేది మొద్దు శబ్దమే. సాగర్‌లో గేట్లన్నీ ఎత్తినప్పుడు దగ్గర నిలబడితే, చెవి కంటే ముందు ఛాతీకి తెలుస్తుంది. అట్లాంటిది. సెకనుకు 20 కంపనాలుండే శబ్దానికి తరంగం పొడవు 17 మీటర్లు. దాన్ని పీల్చాలంటే అందులో పావు వంతు, అంటే నాలుగు మీటర్ల మందం పీచు కావాలి. అంత ఎవరు పెట్టగలరు? చుట్టుపక్కల ఇళ్లల్లో మోత పెద్దగా వినపడకున్నా కిటికీ అద్దాలు గలగలమనేది దీనివల్లే. చలికాలం రాత్రి దూరపు రైలు కూత మన ఊళ్లో దగ్గరగా వినిపించడం మీకు తెలుసు. నేల చల్లబడి, పైగాలి వెచ్చగా ఉంటే శబ్దం కిందికి వంగి వస్తుంది. అందుకే టెస్ట్ సెల్ (ఇంజన్‌ను పరీక్షించే గది) ఎక్కడ కట్టాలి, ఏ వేళ నడపాలి అన్నది గోడ మందం ఎంత ముఖ్యమో అంతే ముఖ్యం. మన దేశంలో 2000 నాటి నిబంధనల ప్రకారం ఇళ్లున్న చోట పగలు 55, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45 డెసిబెల్స్ మాత్రమే ఉండాలి.

శంషాబాద్‌లో లీప్ అనే రకం విమాన ఇంజన్లకు ఓవర్‌హాల్ (విప్పి బాగుచేసే) కేంద్రం వచ్చింది. మీలో కొందరు ఈ పనిలోకి వస్తారు కాబట్టి నా ఎడమ చెవి గురించి చెప్పాలి. నేను కొత్తగా చేరిన చోట టెస్ట్ ఆరుబయటే జరిగేది. ఇయర్ మఫ్‌లు అందరికీ సరిపోయేవి కావు. మూడేళ్లలో ఆ చెవికి సన్నటి శబ్దాలు పోయాయి, నా మనవరాలి మాట ఆ పక్క నుంచి సరిగ్గా అందదు. రోజుకు ఎనిమిది గంటలు 85 డెసిబెల్స్ దాటిన చోట ఉంటే చాలు, చెవికి ముప్పే. ఆఫ్టర్ బర్నర్ దగ్గర 140 దాటుతుంది. ప్లగ్, మఫ్ రెండూ పెట్టుకున్నా వాటి బలం కూడికలాగా పెరగదు, ఐదు డెసిబెల్స్ దాకా అదనంగా దక్కుతుందంతే. ఎందుకంటే పుర్రె ఎముక గుండా కూడా శబ్దం లోపలికి పోతుంది. కాబట్టి దూరంగా ఉండటం, కంట్రోల్ రూమ్‌లో ఉండటం, ఇవే అసలు రక్షణ.

ఇప్పుడు ఈ బల్ల మీద చూడండి. టైర్ల షాపు నుంచి తెచ్చిన చిన్న కంప్రెసర్, ఒక పీవీసీ పైపు, రంధ్రాలు పొడిచిన ఇంకో పైపు, కొంచెం రాక్‌వూల్. గాలిని ముందు ఖాళీగా వదులుదాం, తర్వాత పైపు గుండా, ఆ తర్వాత పీచు చుట్టిన పైపు గుండా. మూడుసార్లూ ఫోన్‌లో రీడింగ్ రాసుకోండి. ముందు బెంచీలోంచి ఇద్దరు రండమ్మా. ఆగండి, ముందు ఈ ప్లగ్‌లు చెవుల్లో పెట్టుకోండి.