తపస్సు ఒకరిది, కష్టం ఎందరిది?

నమస్తే అండీ. జపాన్‌లో క్యోటో ఊరి పక్కనే హియే అని ఒక కొండ ఉంది. దాని మీద తెందై అనే బౌద్ధ శాఖ వాళ్ల మఠం ఎన్ర్యాకుజి. సాయిచో అనే భిక్షువు 788లో మొదలుపెట్టాడు. ఆ మఠంలో ఎప్పుడో ఒకరు కైహోగ్యో అనే దీక్ష పడతారు. ఏడేళ్లలో వెయ్యి రోజులు నడవాలి.

మొదటి మూడేళ్లు ఏటా 100 రోజులు, తర్వాతి రెండేళ్లు ఏటా 200 రోజులు. రోజుకు సుమారు 30 కిలోమీటర్లు, అదీ చీకట్లో, కొండదారిలో, కాళ్లకు గడ్డిచెప్పులతో. దారిలో గుళ్లకే కాదు, చెట్టుకీ రాయికీ కూడా ఆగి దండం పెట్టాలి. మనకిది వింతేం కాదు లెండి, వేపచెట్టుకు పసుపు రాసే వాళ్లమే కదా.

అలా 700 రోజులు పూర్తయ్యాక అసలు పరీక్ష. దాన్ని దోయిరి అంటారు. తొమ్మిది రోజులు అన్నం లేదు, నీళ్లు లేవు, నిద్ర లేదు, నడుం వాల్చడం లేదు. గుడిలో కూర్చుని అచలుడు అనే బౌద్ధ దేవుడి మంత్రం లక్షసార్లు జపించాలి. అచలుణ్ణి వాళ్లు ఫుదో అంటారు. ఇక రోజూ రాత్రి రెండు గంటలకు కూర్చున్న చోటు నుంచి లేచి, బావికి వెళ్లి, దేవుడికి నీళ్లు మోసుకురావాలి. గొంతు ఎండిపోతున్న మనిషి చేతిలో నీళ్లు! నాకైతే మొత్తం దీక్షలో ఇదే కష్టం అనిపిస్తుంది. నడక దీని ముందు ఏపాటి?

ఇప్పుడు ఆ గుడిలోకి కాస్త తొంగి చూద్దాం. ఆయన ఒక్కడే లేడు. అటూ ఇటూ ఇద్దరు భిక్షువులు కూర్చుని ఉంటారు. కునుకు పడితే లేపడమే వాళ్ల పని. కొన్ని రోజులయ్యాక నోరు పుక్కిలించడానికి కాసిని నీళ్లిస్తారు. ఒక్క గుక్క కూడా మింగకూడదు, అంతా ఉమ్మేయాలి.

ఏడో ఏడు ఇంకా విచిత్రం. 100 రోజుల పాటు క్యోటో వీధులన్నీ చుట్టి వస్తూ రోజుకు 84 కిలోమీటర్లు. నిద్ర మహా అయితే రెండు మూడు గంటలు. అప్పుడు వెనక ఒక మనిషి, చివర మెత్త కట్టిన కర్రను ఆయన నడుముకు ఆనించి నెట్టుకుంటూ నడుస్తాడు. సకాయ్ యుసాయ్ అనే ఆయన ఈ వెయ్యి రోజులూ రెండుసార్లు పూర్తిచేశాడు, 1980లో ఒకసారి, 1987లో మళ్లీ. రెండోసారికి వయసు అరవై. ఆయన పేరు అందరికీ తెలుసు. కర్రతో నెట్టినవాళ్ల పేర్లు ఎవరూ చెప్పరు.

నా గోల అంతా అక్కడే.

సిరియాలో, అలెప్పో దగ్గర సిమియోను అనే క్రైస్తవ సన్యాసి స్తంభమెక్కి ముప్ఫై ఏళ్లకు పైగా దిగలేదు, 459లో పోయేదాకా. మరి తిండి? శిష్యులు నిచ్చెన వేసుకుని ఎక్కి అందించేవారు. ఎముకలు తేలిన సిద్ధార్థుడికి పాయసం పెట్టింది సుజాత. ఆవిడ పేరైనా మిగిలింది, అదృష్టం.

ఇక మన ఇళ్లకు వద్దాం. కార్తీకం రాగానే నల్లబట్టలు, మెడలో మాల, 41 రోజుల దీక్ష. స్వామి నేల మీద పడుకుంటారు, చన్నీళ్లు పోసుకుంటారు, చెప్పులు వేసుకోరు. నిజంగా కష్టమే, కాదనను. కానీ తెల్లవారుజామున స్వామి కంటే ముందు లేచేది ఎవరు? ఇల్లు కడిగి, మడిగా ఉల్లి వెల్లుల్లి లేకుండా వండి, భిక్షకు ఇంకో పదిమంది స్వాములొస్తే వాళ్లకూ వడ్డించి, చివర్లో చల్లారిన అన్నం తినేది ఎవరు? ఆవిడకు మాల లేదు, ఇరుముడి లేదు. 41 రోజులూ మొగుణ్ణి "స్వామీ" అని పిలుస్తూ గిన్నెలు తోముతుంది. మా ఇంట్లో అమ్మ అలాగే చేసేది. నాన్న శబరిమల నుంచి వచ్చి అరవణ డబ్బా చేతిలో పెడితే, మూత తీసి ముందు మాకే పంచేది.

సరే, ఈసారి మీ ఇంట్లో మాల ఎవరు వేసుకున్నారో కాదు, వంట ఎవరు చేశారో కింద కామెంట్‌లో రాయండి.