గర్భానికి ముందే రాసిపెట్టుకోవలసిన అంకెలు

శ్రోతలకు నమస్కారం.

ఈరోజు మనం మాట్లాడుకునేది ప్రీఎక్లాంప్సియా గురించి. అది వచ్చాక చేసే వైద్యం గురించి కాదు. వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్న ఆడవాళ్లు గర్భం రాకముందే చేసుకోవలసిన ఏర్పాట్ల గురించి.

ముందు జబ్బు సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. గర్భం 20 వారాలు దాటాక బీపీలో పై అంకె 140 గానీ, కింది అంకె 90 గానీ అందుకుని, దానితోపాటు మూత్రంలో ప్రొటీన్ పోవడమో, లివరు, కిడ్నీలు దెబ్బతినడమో, ప్లేట్‌లెట్లు తగ్గడమో కనిపిస్తే అది ప్రీఎక్లాంప్సియా. ముదిరి ఫిట్స్ వస్తే దాన్నే గుర్రపువాతం అంటారు. లక్షణాలు బయటపడేది ఆ తర్వాతి నెలల్లోనే అయినా, చాలామందిలో దీనికి బీజం తొలి నెలల్లోనే పడుతుంది. మాయ గర్భసంచి గోడలో పాతుకునేటప్పుడు అక్కడి రక్తనాళాలు బాగా వెడల్పు కావాలి. అవి సరిగ్గా వెడల్పు కాకపోతే మాయకు రక్తం చాలదు. ఆ ఇబ్బంది తర్వాత తల్లి ఒళ్లంతటికీ పాకుతుంది.

ఎవరికి అవకాశం ఎక్కువ? లోగడ ఒకసారి వచ్చినవాళ్లకు, ముందునుంచే బీపీ, షుగర్, కిడ్నీ జబ్బు, లూపస్ (ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటి మీద దాడిచేసే జబ్బు) ఉన్నవాళ్లకు, కవలలను మోస్తున్నవాళ్లకు. తొలి కాన్పు కావడం, వయసు 40 దాటడం, బరువు బాగా ఎక్కువగా ఉండడం, తల్లికో అక్కచెల్లెళ్లకో వచ్చి ఉండడం, ఇలాంటివి రెండు కలిసినా జాగ్రత్త పడాల్సిందే.

ఇప్పుడు ఒక ఉదాహరణ చెబుతాను. కాస్త నిదానంగా వినండి, ఈరోజు చెప్పదలచుకున్నదంతా ఇందులోనే ఉంది.

ఒకామె ఉందనుకుందాం. ఆమెకు బీపీ 144/92. కానీ ఎప్పుడూ చూపించుకోలేదు, ఆ సంగతే తెలియదు. గర్భం వచ్చింది. గర్భం వచ్చిన తొలి నెలల్లో రక్తనాళాలు వదులవుతాయి, బీపీ దానంతటదే దిగుతుంది. నాలుగో నెల చివర మొదటిసారి చూస్తే 126/78. బాగుంది అన్నారు. ఐదో నెలలోనూ బాగుంది అన్నారు. ఎనిమిదో నెలలో చూస్తే 146/94, మూత్రంలో ప్రొటీన్ కాస్త కనిపించింది. ఇప్పుడు డాక్టరు ఏమనుకోవాలి? పాత బీపీయే మళ్లీ పైకి వచ్చిందా? కొత్తగా ప్రీఎక్లాంప్సియా మొదలైందా? ఆ ప్రొటీన్ ఇప్పుడు పోతోందా, ఏళ్లుగా పోతోందా?

పాతదే అయితే మందులతో, తరచూ పరీక్షలతో నెలలు నిండేదాకా ఆగవచ్చు. కొత్తదైతే ఆసుపత్రిలో చేర్చడం, 37 వారాలకే కాన్పు చేయడం, తీవ్రంగా ఉంటే అంతకన్నా ముందే బిడ్డను బయటికి తీయడం. తేడా అంత ఉంది. తేల్చుకునే దారి లేనప్పుడు డాక్టరు ప్రమాదకరమైనదే అనుకుని నడవాలి, అది సబబు కూడా. కానీ ఆ ప్రశ్నకు జవాబు గర్భానికి ముందు తీసిన అంకెల్లో ఉండేది. గర్భానికి ముందు తీసినవే కావాలి, నాలుగో నెలలో తీసిన అంకె ఆ పని చేయదు.

ఆ అంకెలు ఏవంటే: బీపీ, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), మూత్రంలో ప్రొటీన్ క్రియాటినిన్ నిష్పత్తి (ప్రొటీన్ ఎంత పోతోందో చెప్పేది). వీటితోపాటు ప్లేట్‌లెట్లు, లివరు పరీక్ష, షుగర్ ఉంటే గత మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ. తేదీతో సహా ఒక్క కాగితం మీద ఉంటే చాలు. లోగడ ప్రీఎక్లాంప్సియా వచ్చినవాళ్లు అప్పటి డిశ్చార్జి కాగితం కూడా వెతికి పెట్టుకోండి. ఏ వారంలో కాన్పు చేయాల్సి వచ్చిందన్నది అందులో ముఖ్యం. మొత్తం మీద చూస్తే ఆరుగురిలో ఒకరికి మళ్లీ వస్తుంది. 28, 34 వారాల మధ్య కాన్పు చేయాల్సి వచ్చినవాళ్లలో అయితే ముగ్గురిలో ఒకరికి.

బీపీ తీసే పద్ధతి సరిగ్గా లేకపోతే ఆ అంకెకు విలువ లేదు. అన్నిటికంటే ఎక్కువగా తప్పు జరిగేది చేతికి చుట్టే పట్టీ దగ్గర. మామూలు పట్టీ మీద 22 నుంచి 32 సెంటీమీటర్లు అని అచ్చువేసి ఉంటుంది. మీ పై చేయి చుట్టుకొలత 34 అనుకోండి, ఆ పట్టీ బిగుతై లేని బీపీని చూపిస్తుంది. టేపు పెట్టి కొలిచి పెద్ద పట్టీ తీసుకోండి. మూత్రానికి వెళ్లొచ్చి, వీపు ఆనించి, పాదాలు రెండూ నేలమీద పెట్టి 5 నిమిషాలు ఊరికే కూర్చోండి. చేయి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. మాట్లాడకూడదు. నిమిషం తేడాతో రెండుసార్లు తీసి రెండూ రాయండి. మణికట్టుకు పెట్టే మెషీన్లను నేను సలహా ఇవ్వను.

ఇక మందులు. బీపీకి ఎనలాప్రిల్, రామిప్రిల్, లోసార్టాన్, టెల్మిసార్టాన్ లాంటివి వేసుకుంటున్నవాళ్లు గర్భం కోసం ప్రయత్నం మొదలుపెట్టే ముందే డాక్టరుకు చెప్పండి. అవి బిడ్డ కిడ్నీలను దెబ్బతీస్తాయి, ఉమ్మనీరు తగ్గిస్తాయి. బదులుగా లాబెటలాల్, నిఫెడిపిన్, మిథైల్‌డోపా ఉన్నాయి. కానీ మీ అంతట మీరు మాత్ర మానేయకండి. మార్చుకోవాలి, మానకూడదు. లూపస్ ఉన్నవాళ్లు జబ్బు కనీసం 6 నెలలు అణిగి ఉన్నాక గర్భం దాల్చడం మంచిది.

ఆ కాగితం మీదే ఇంకో మాట రాయించుకోవాలి: ఆస్పిరిన్ ఎప్పటి నుంచి? అవకాశం ఎక్కువ ఉన్నవాళ్లకు తక్కువ మోతాదు ఆస్పిరిన్ పనిచేస్తుంది. 2017లో వెలువడిన ఆస్ప్రే అధ్యయనంలో రాత్రిపూట 150 మిల్లీగ్రాములు ఇస్తే, 37 వారాలలోపే కాన్పు చేయాల్సి వచ్చే రకం ప్రీఎక్లాంప్సియా సగానికి పైగా తగ్గింది. మోతాదు 75 నుంచి 150 దాకా డాక్టరు నిర్ణయిస్తారు. ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కిస్తే 12 వారాలు నిండేసరికి మొదలుపెట్టాలి, 16 దాటకుండా ఉంటే మేలు. మొదటి చెకప్ ఆలస్యమైతే ఈ గడువు చేజారుతుంది, అందుకే ముందే మాట్లాడి ఉంచుకోమంటున్నాను. ఆస్పిరిన్ పడనివాళ్లు, కడుపులో పుండు ఉన్నవాళ్లు, రక్తస్రావ జబ్బులు ఉన్నవాళ్లు ముందే చెప్పాలి. ఆస్పిరిన్ వేసుకున్నా జబ్బు రాదన్న హామీ లేదు, బీపీ చూపించుకోవడం ఆపకూడదు.

ఉప్పు పూర్తిగా మానేయడం, నెలల తరబడి మంచం మీద పడుకోవడం దీన్ని ఆపవు. ఆ రెండింటితో ఆడవాళ్లను అనవసరంగా కష్టపెట్టడం నాకు బాధగా ఉంటుంది. తిండిలో కాల్షియం తక్కువైతే మాత్రలు ఉపయోగపడతాయి, ఐరన్ మాత్రకు రెండు గంటలు ఎడంగా వేసుకోండి. ఫోలిక్ యాసిడ్ గర్భానికి ముందు నుంచే వేసుకోవాలి. షుగర్ ఉన్నవాళ్లకు మోతాదు ఎక్కువ, అడిగి తెలుసుకోండి.

చివరగా, ఇది ఇంట్లోవాళ్లు కూడా వినాలి. తగ్గని తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, కుడి పక్కటెముకల కింద నొప్పి, ఉన్నట్టుండి ముఖం, చేతులు ఉబ్బడం, ఊపిరాడకపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. కాన్పు అయిపోయింది కదా అని ఊరుకోకండి. కాన్పు తర్వాత మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్య బీపీ మళ్లీ పెరుగుతుంది, ఈ జబ్బు 6 వారాల దాకా కూడా రావచ్చు. బిడ్డతో ఇంటికి వెళ్లేటప్పుడు బీపీ మెషీన్ తల్లి మంచం పక్కనే పెట్టండి. ఏ అంకె వస్తే ఎవరికి ఫోన్ చేయాలో డిశ్చార్జి రోజే డాక్టరును అడిగి రాసుకోండి.