ఎండాకాలపు మేత చెట్టు మీద ఉంది

శ్రోతలకు నమస్కారం. మన విశాఖ నుంచి ఆనందపురం, పద్మనాభం వైపు వెళితే కొండవాలుల్లో రేగు, తుమ్మ, పరికి అల్లుకున్న తుప్పలు కనిపిస్తాయి. వాటిని చూసి చాలామంది ‘ఉత్త బంజరు’ అంటారు. ఆ మాట నాకు బాధ కలిగిస్తుంది. మే నెలలో గడ్డి మాడిపోయాక మేకలకూ గొర్రెలకూ ఆ తుప్పలే దిక్కు.

గడ్డి వేళ్లు పైమట్టిలోనే ఉంటాయి, తడి ఆరగానే ఎండుతుంది. చెట్టు వేరు లోతుకు దిగి నీరు తెచ్చుకుంటుంది. బలంలోనూ తేడా ఉంది. వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి 3, 4 పాళ్లే. ఎండిన దిరిసెన ఆకులో 16 పాళ్లకు పైగానే ఉంటాయి. వరిగడ్డితో పాటు కాస్త ఆకు పడితే పశువు కడుపులోని సూక్ష్మజీవులకు బలం చేరి, ఆ గడ్డి కూడా బాగా అరుగుతుంది.

దసరాకు మనం పూజించే జమ్మినే చూడండి. రాజస్థాన్ ఎడారి రైతులు దాన్ని ‘ఖేజ్రీ’ అంటారు. సజ్జ చేలలో నరకకుండా ఉంచుతారు. చలికాలంలో కొమ్మలు కొట్టి, ఆకు ఎండబెట్టి మేతగా దాచుకుంటారు. 1730లో జోధ్‌పూర్ రాజు మనుషులు ఆ చెట్లను నరకబోతే అమృతాదేవి అనే పల్లె మహిళతో సహా, చెట్లను కాపాడడం ధర్మంగా భావించే బిష్ణోయి మతస్థులు 363 మంది అడ్డుపడి ప్రాణాలిచ్చారు.

ఒక్క జాగ్రత్త. జమ్మి, తుమ్మ ఆకుల్లో వగరు ఎక్కువ. అది మాంసకృత్తులను పట్టేసి ఒంటికి అందనివ్వదు. మేక కొంత తట్టుకుంటుంది కానీ ఆవుకు, గేదెకు అదొక్కటే మేతగా వేయకూడదు. బయటి దేశం నుంచి వచ్చిన సుబాబుల్ కూడా అంతే. బలమైన ఆకే, అయినా మోతాదు మించితే వెంట్రుకలు రాలతాయి. మేతలో మూడో వంతు దాటనివ్వకండి.

కొమ్మ కొట్టేటప్పుడు పైభాగం వదిలేయండి. మోడు చేస్తే మరుసటి ఏడు చిగురు సన్నగిల్లుతుంది. తుమ్మకాయలు తిన్న మేకల పెంటికల్లోంచి విత్తనాలు తేలిగ్గా మొలుస్తాయి, ఆ మొలకలకు కంచె వేస్తే చాలు.

మన వైపు ఖాళీ భూమి కనిపిస్తే నీలగిరి, సరుగుడు నాటేస్తున్నారు. నీలగిరి ఆకును మేక ముట్టదు. మీ పంచాయతీలో మొక్కల మాట వచ్చినప్పుడు మందలు కాసేవారిని ముందు పిలిచి అడగండి. ఏ నెలలో ఏ ఆకు మేస్తాయో వారు చెబుతారు.