ఫ్రెంచి విప్లవం ఆడియో పెట్టె రివ్యూ: రాణి కథ కన్నా ఉప్పు మ్యాపే మిన్న

అందరికీ నమస్కారం. బరంపురం నుంచి మాట్లాడుతున్నాను. ఫ్రెంచి విప్లవానికి దారితీసిన కారణాల మీద, దాని తొలి రోజుల మీద తెలుగులో వచ్చిన ఆడియో పాఠాల పెట్టె ఇది. తయారు చేసినవారు ఉచితంగా పంపారు. డబ్బు ఇవ్వలేదు, ఇలా చెప్పమని షరతూ పెట్టలేదు. ఎన్ని గంటల ఆడియో, బ్యాటరీ ఎంతసేపు ఆగుతుంది వంటివి మీరు ఇప్పటికే చూసి ఉంటారు. నేను నేరుగా పెట్టెలో ఇచ్చిన మ్యాపు దగ్గరికి వస్తాను.

ఇదిగో, మడతలు విప్పితే బల్ల నిండిపోయింది. విప్లవానికి ముందటి ఫ్రాన్సు. ఈ ఆరు రంగులూ ఉప్పు పన్నువి. ఆ పన్ను పేరు గాబెల్. రాజు ఒక్కడే, ఉప్పుకు మాత్రం ఆరు రకాల ఏర్పాట్లు! పడమటి కొసన తెల్లగా వదిలేసింది బ్రిటనీ, అక్కడ ఈ పన్ను లేదు. వేలు కాస్త ఇటు జరిపితే ముదురు ఎరుపు, మేన్, ఆంజూ ప్రాంతాలు. గీత దాటగానే అదే ఉప్పు ఇరవై రెట్లకు పైగా ధర పలికేది.

ఆంధ్ర, ఒడిశా సరిహద్దులో బతికే మనకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. పెట్రోలు ఆంధ్రలో ఎక్కువ ధర కాబట్టి ఇచ్ఛాపురం వైపు బండ్లు ఒడిశాలోని గిరిసోలా దాటి వచ్చి ట్యాంకు నింపుకోవడం చూస్తూనే ఉన్నాం. లీటరుకు కొద్ది రూపాయల తేడాకే జనం సరిహద్దు దాటుతుంటే, ఇరవై రెట్ల తేడా ఉన్నచోట ఎవరు ఊరుకుంటారు? ఆడవాళ్ళు బట్టల మాటున ఉప్పు దాచి తెచ్చారు. కుక్కలకు ఉప్పు మూటలు కట్టి, తర్ఫీదు ఇచ్చి గీత దాటించారు. ఆయుధంతో పట్టుబడ్డ మగవాళ్ళకు కఠిన ఖైదు. పిల్లల్ని కూడా పట్టుకుపోయారు.

ఇంతకన్నా నన్ను మండించింది మరొకటి. ఎరుపు రంగు ప్రాంతాల్లో ఎనిమిదేళ్ళు దాటిన ప్రతి మనిషి లెక్కనా ఇంత ఉప్పని సర్కారు కొఠారులో కొనితీరాలి. వద్దంటే కుదరదు. పోనీ, కొన్నది తన ఇష్టం వచ్చినట్టు వాడుకోవచ్చా అంటే అదీ లేదు. వంటలోకే వాడాలి. పంది మాంసం ఊరబెట్టుకోవాలంటే దానికి వేరే ఉప్పు, మళ్ళీ వేరే డబ్బు. మనిషి వంటింట్లోకి దూరి ఉప్పు చిప్పలో చెయ్యి పెట్టే ప్రభుత్వం అది. మూడో పాఠంలో ఈ భాగం విని ప్లేయరు ఆపేసి కాసేపు అలాగే కూర్చున్నాను.

ఇంకో సంగతి. ఇలాంటి మ్యాపునే 1781లో ఫ్రాన్సు రాజు పదహారో లూయీ ఆర్థిక వ్యవహారాలు చూసిన నెకర్ తన నివేదికతో పాటు అచ్చు వేయించాడు. అదే నివేదికలో అప్పుల బరువును దాచి, ఖజానాలో మిగులు చూపించాడు. ఎవరి మీద ఎంత భారం పడుతోందో రాజుగారి కొలువే కాగితం మీద పెట్టింది, ఎనిమిదేళ్ళు చేతులు ముడుచుకుంది.

మా అన్నయ్య కూతురు ఇంట్లో చక్కటి తెలుగు మాట్లాడుతుంది. బడిలో ఒడియా, ఇంగ్లీషు. తెలుగు అక్షరం రాదు. మన బరంపురంలో ఇలాంటి పిల్లలు ఎందరో. అలాంటివారికి వినే చదువే దారి. ఇంతకుముందు ఒక చరిత్ర ఆడియో కొన్నాను. తేదీలు అప్పజెప్పినట్టు చదివారు, పిల్ల రెండో పాఠానికే లేచి వెళ్ళిపోయింది. ఇందులో 1789లో ఊళ్ళవాళ్ళు రాసి పంపిన ఫిర్యాదులను నటులు చదివారు. ఉప్పు పన్ను తీసేయమనే మొర వాటిలో మళ్ళీ మళ్ళీ వినబడుతుంది. పిల్ల కదలకుండా వింది.

ఇప్పుడు కోపం తెప్పించిన పాఠం. మొదటిదే, రాణి మేరీ ఆంటోనెట్ నగలు, జుట్టు ముడులు, పైగా ‘రొట్టె లేకపోతే కేకు తినమనండి’ అందనే ఆ కథ! ఆమె ఆ మాట అన్నదనడానికి ఆధారం లేదు. ఆమె ఇంకా ఆస్ట్రియాలో బాలికగా ఉన్న రోజుల్లోనే, పేరు చెప్పని ఒక రాకుమారి అన్నట్టుగా ఒక రచయిత అలాంటి మాట రాశాడు. దీనికి అంత సమయం ఇచ్చి, రొట్టె ధర ముచ్చట నాలుగు ముక్కల్లో తేల్చేశారు. 1788 జూలై 13న వడగళ్ళు పంటను కొట్టేశాయి. ఆపైన గడ్డకట్టించే చలికాలం. పారిస్‌లో నాలుగు పౌన్ల రొట్టె 9 సూల (సూ అంటే అప్పటి చిన్న నాణెం) నుంచి 1789 ఫిబ్రవరికి 14.5 సూలకు ఎక్కింది. కూలివాడి రోజు సంపాదన 20, 30 సూలు. ఇంటిల్లిపాదికీ రొట్టె కొంటే చేతిలో ఏం మిగులుతుంది? పాఠమంతా ఇక్కడ నడవాలి కదా!

తొలి దశ మాత్రం బాగా చెప్పారు. 1789 మే 5న వెర్సాయ్‌లో ఎస్టేట్స్ జనరల్ (మతగురువులు, ప్రభువులు, సామాన్యులు మూడు వర్గాల ప్రతినిధుల సభ), జూన్ 17న సామాన్యుల ప్రతినిధులు తమను జాతీయ సభగా ప్రకటించుకోవడం, జూన్ 20న రాజ్యాంగం వచ్చేదాకా విడిపోమని వాళ్ళు చేసిన టెన్నిస్ కోర్టు ప్రమాణం, అన్నీ చకచకా సాగుతాయి. రాజుగారి చెరసాల అయిన బాస్టీల్ కోట జూలై 14న పడకముందే, జూలై 12 నుంచే జనం పారిస్ చుట్టూ ఉన్న సుంకం నాకాలను తగలబెట్టారని చెప్పడం నాకెంతో నచ్చింది. ఎక్కడ కాలిందో అక్కడే కొట్టారు. 1790లో గాబెల్ రద్దయింది.

మ్యాపు కాగితం పలచన. మడతల దగ్గర అప్పుడే తెల్లబడింది. ఈ ధరకు గుడ్డ మీద అచ్చు వేయాల్సింది. అయినా కొనండి, ఈ మ్యాపు కోసమైనా కొనండి. మొదటి పాఠం వదిలేసి మూడోదానితో మొదలుపెట్టండి, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని.