ఇంట్లోకి గబ్బిలం దూరిందా? ముందు ఫ్యాన్ ఆపండి

నమస్తే అండీ. బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు ఉండే మనవాళ్ళ అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో రాత్రి ఎనిమిది దాటాక అప్పుడప్పుడూ కనిపించే మెసేజ్ ఇది: "హాల్లోకి గబ్బిలం వచ్చింది, ఏం చెయ్యాలి?" చీపురు మాత్రం ఎత్తకండి. ముందు ఫ్యాన్ ఆపండి. ఫ్యాన్ రెక్క తగిలిందంటే గబ్బిలం పని అయిపోయినట్టే.

మిగతా గదుల తలుపులు మూసేసి, బాల్కనీ తలుపు బార్లా తీయండి. మెష్ షట్టర్ కూడా పక్కకి జరపాలి, కంగారులో మర్చిపోయేది దాన్నే. లైట్లన్నీ ఆర్పేయండి. గుండ్రంగా తిరుగుతుంటే మన మొహం మీదికే వస్తున్నట్టుంటుంది కానీ, అది గోడల దగ్గర పైకి లేచి, గది మధ్యలో కిందికి దిగుతుంది. కాబట్టి గోడకి ఆనుకుని నిలబడండి. సాధారణంగా 10-15 నిమిషాల్లో దారి చూసుకుంటుంది.

అలిసిపోయి కర్టెన్‌కి వేలాడితే మందపాటి గ్లవ్స్ వేసుకుని, దాని మీద ప్లాస్టిక్ డబ్బా బోర్లించి, వెనక నుంచి అట్టముక్క తోయండి. బయట నేల మీద వదలొద్దు. చాలా గబ్బిలాలు పైనుంచి జారితేనే సులువుగా ఎగరగలవు. చెట్టు మొదలుకి ఛాతీ ఎత్తున డబ్బా ఆనించి పట్టుకోండి, అదే పాకుతుంది. దెబ్బ తగిలి ఉంటే గాలి ఆడే అట్టపెట్టెలో పెట్టి, కెంగేరి వైపున్న పీపుల్ ఫర్ యానిమల్స్ వైల్డ్‌లైఫ్ హాస్పిటల్‌కి ఫోన్ చేయండి.

ఎందుకొస్తాయి? ట్యూబ్‌లైట్‌కి పురుగులు, పురుగుల కోసం చిన్న గబ్బిలం. పిపిస్ట్రెల్ రకం బరువు 5 గ్రాముల దగ్గరే, ఏసీ పైపు కోసం కొట్టిన బెజ్జం చాలు. పండ్లు తినే రకం వేరు. సింగపూర్ చెర్రీ కరుచుకొచ్చి బాల్కనీ స్లాబ్ కింద వేలాడుతూ తింటుంది. రసం మింగి పిప్పి ఉమ్మేస్తుంది. తెల్ల గోడ మీద మరకలు అవే.

గబ్బిలం వస్తే అరిష్టమంటారు. శాంతి చేయించే డబ్బుతో కిటికీలకి మెష్ వేయించుకోండి, మేలు.

లాభం సంగతికొస్తే, పురుగులు తినేవి పంటల్ని నాశనం చేసే రెక్కల పురుగుల్ని రాత్రంతా ఏరుకు తింటాయి. దోమల్నీ తింటాయి. అలాగని డెంగ్యూ పోతుందనుకోకండి, ఆ దోమ కుట్టేది పగలు, అప్పుడు గబ్బిలం నిద్రలో ఉంటుంది. పండ్లు తినేవి ఇప్ప, బూరుగు పూలకి పరాగ సంపర్కం చేస్తాయి, మర్రి, రావి గింజల్ని దూరాలకి మోస్తాయి.

కిటికీ గట్టు మీద నల్లటి రెట్ట కనిపిస్తే పుల్లతో నొక్కి చూడండి. తెల్ల మొన ఉంటే బల్లిది. గట్టిగా ఉంటే ఎలుకది. పొడిపొడిగా రాలి, పురుగు రెక్కల ముక్కలు మెరిస్తే గబ్బిలానిది. పొడిగా ఊడవకండి. మాస్క్ పెట్టుకుని, తడిపి తుడవాలి.

కరిచినా, గీరినా, నిద్రలో ఉన్న పిల్లల గదిలో గబ్బిలం కనబడినా తేలిగ్గా తీసుకోవద్దు. గాయముంటే సబ్బు నీళ్ళతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు డాక్టర్ దగ్గరికెళ్ళి రేబిస్ టీకా గురించి అడగండి. గబ్బిలం కొరికిన పండు పారేయండి.

బెజ్జాలు మూసే ముందు సాయంత్రం చీకటి పడేవేళ అరగంట కాపలా కాయండి. లోపలి నుంచి ఏదైనా బయటికొస్తుంటే సిమెంట్ పెట్టకండి, పిల్లలు లోపలుండొచ్చు. కొన్ని వారాలు ఆగి, రాకపోకలు ఆగాకే మూయండి.